తొమ్మిదికి తొమ్మిది

"తొమ్మిదికి తొమ్మిది. పిసరంత తేడా లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ శేషగిరిరావు, కాగితాన్ని బల్లమీద పరిచి అరచేత్తో చదును చేస్తూ. "మీరు బెజవాడ నుంచి బస్సెక్కి రావడం దండగయింది మూర్తిగారూ."

డిటెక్టివ్ వామనమూర్తి ఆ కాగితం వంక చూడలేదు. పోలీసు ఔట్‌పోస్టు కటకటాల వెనక గోడకి ఆనుకుని కూర్చున్న ఆడమనిషి వంక చూశాడు. ముప్పై ఏళ్ళుంటాయి. నలిగిన తెల్లచీర. బజారు డిస్పెన్సరీలో నర్సు. పేరు రిబ్కా. రేపు పొద్దున మొదటి బస్సులో ఆమెని మేజిస్ట్రేటు ముందుకి తీసుకుపోతారు. అక్కణ్ణుంచి సెషన్సు కోర్టు, ఆ పైన ఉరికొయ్య. ఇన్‌స్పెక్టరు మొహంలో ఆ దారంతా అప్పుడే నడిచి వచ్చేసిన తృప్తి కనిపిస్తోంది. వామనమూర్తికి ఒళ్ళు మండింది కానీ, ఒళ్ళు మండినప్పుడు నోరు మూసుకోవడం ఆయనకి ముందునుంచీ అలవాటు.

మూడు వారాల కింద, తిరువూరులో బియ్యం మిల్లు నడిపే బ్రహ్మయ్య రాత్రి భోజనం చేసి లేచిన కాసేపటికి మెడ పట్టేసిందన్నాడు. తర్వాత దవడ బిగుసుకుంది. ఆ తర్వాత మనిషి విల్లులా వెనక్కి వంగిపోయి, గంట తిరక్కుండా ప్రాణం వదిలాడు. స్ట్రిక్నిన్ అని తేలింది. ముషిణి గింజల్లోంచి తీసే విషం. నోట్లో పెట్టుకుంటే కటిక చేదు. బ్రహ్మయ్యకి రోజూ రెండుపూటలా ఇంటికెళ్ళి మందు పోసేది రిబ్కాయే కాబట్టి లేబొరేటరీ రిపోర్టు రాగానే, నిన్న సాయంత్రం, రిబ్కాని తెచ్చి కొట్లో వేశారు. అలా వెయ్యడం నచ్చని మనిషి ఆ ఇంట్లో ఒక్కరే ఉన్నారు. బ్రహ్మయ్య భార్య పరమేశ్వరి. వామనమూర్తికి కబురు పెట్టింది ఆవిడే.

"కాస్త మాట్లాడొచ్చా?" అనడిగాడు వామనమూర్తి.

"మాట్లాడండి. తాళం మాత్రం తియ్యను." ఇన్‌స్పెక్టరు బెల్టుకి కట్టుకున్న తాళంచెవిని వేలితో తట్టాడు. "మా కానిస్టేబులు పీర్‌సాహెబ్ చేతిలో పెడదామంటే అతనికి జాలెక్కువ. అందుకే నా నడుముకే కట్టుకు తిరుగుతున్నా."

గుమ్మం దగ్గర నిలబడ్డ పీర్‌సాహెబ్ తల దించుకున్నాడు. నెరిసిన గడ్డం, ఉపవాసంతో ఎండిపోయిన పెదవులు. రంజాన్ నెల నడుస్తోంది. అయినా ఇన్‌స్పెక్టరుకి టీ తెచ్చి పెట్టాడు. ఇన్‌స్పెక్టరు ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"చక్కెర లేదు కదా?"

"లేదు సార్. చెప్పి చేయించాను."

"చక్కెర జబ్బండీ," అన్నాడు ఇన్‌స్పెక్టరు వామనమూర్తితో. "డాక్టరు నా నోరు కట్టేశాడు. సరే, మీ పని కానివ్వండి."

వామనమూర్తి కటకటాల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. రిబ్కా సర్దుకుని కూర్చుంది.

"ఆ రోజు ఆయనకి ఏమేమిచ్చావమ్మా?"

"టానిక్కండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. కీళ్ళ నెప్పులకి రెండు మాత్రలు. అంతేనండి."

"రెంటిలోనూ ముషిణి సారం ఉంటుంది కదూ?"

"ఉంటుందండి. ఆకలి పుట్టడానికి, నరాల బలానికి ఇస్తారు. ఉండీ లేనట్టుంటుంది. రెండేళ్ళుగా ఆయన అదే తాగుతున్నారు. కొలిచే గ్లాసులో నేనే పోసి ఇచ్చేదాన్ని. సీసా మొత్తం ఎత్తి తాగినా మనిషి పోడండి." చెప్పి చెప్పి అలిసిపోయిన గొంతు. "ఆ మాట ఎవరికి చెప్పినా నవ్వుతున్నారు."

"నీకూ ఆయనకీ ఏవన్నా మాటా మాటా వచ్చిందా?"

"ఎందుకొస్తుందండి? మందు పోస్తే చేదని తిట్టేవారు. చిన్నపిల్లాడిలా మొహం పెట్టేవారు. పోయిన రోజున కూడా తిట్టారు. అదే ఆఖరి మాట." రిబ్కా కళ్ళు ఒత్తుకుంది.

అప్పుడే గుమ్మంలో ఇత్తడి క్యారియర్ చప్పుడైంది. దాన్ని పట్టుకొచ్చిన మనిషి మధుసూదనరావు, బ్రహ్మయ్య తమ్ముడు. నలభైకి దగ్గర పడ్డ వయసు, చలవ చేసిన ధోవతి, అడక్కుండానే పక్కకి తప్పుకునే మర్యాద. అన్న పోయినప్పటి నుంచీ మిల్లు అతనే చూసుకుంటున్నాడు.

"వదిన పంపించిందండీ," అన్నాడు మెల్లగా. "ఎంత తప్పు చేసినా ఆడకూతురు. మా ఇంట్లో రెండేళ్ళు తిరిగిన మనిషి పస్తుంటే మాకు ముద్ద దిగుతుందా?"

"మీ మంచితనానికి దణ్ణం పెట్టాలి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. నాలుగు గిన్నెల క్యారియర్ కటకటాల సందులోంచి పట్టక బల్ల పక్కనే ఆగింది.

"నేనివాళ ఉపవాసమండి," అంది రిబ్కా. "శ్రమల దినాలు, ఈస్టరు ముందు మాకు ఉపవాసాలండి. సాయంత్రం ప్రార్థన అయ్యాక తింటాను."

మధుసూదనరావు ఏదో అనబోయి ఆగాడు. "అలాగేనమ్మా. అప్పుడే తిను," అన్నాడు. వెళ్ళిపోలేదు. గోడవారగా నిలబడ్డాడు.

వామనమూర్తి లేచి బల్ల దగ్గరికొచ్చి కాగితం తీసుకున్నాడు. లేబొరేటరీ రిపోర్టు. ఎవరో టైపు మిషను మీద కొట్టింది. వివరమంతా వదిలేస్తే అందులో మిగిలింది నాలుగే నాలుగు పంక్తులు.

రోజు మొత్తం మీద తాగిన టానిక్కులో — 4 x 10-3 గ్రాములు.
రెండు మాత్రల్లో — 3 x 10-3 గ్రాములు.
కొలత గ్లాసు అడుగున — 2 x 10-4 గ్రాములు.
మృతుడి కడుపు, శరీర భాగాల్లో మొత్తం — 9 x 10-2 గ్రాములు.

"చూశారా?" ఇన్‌స్పెక్టరు పెన్సిలు మొనతో ఒక్కొక్క పంక్తీ తడుముతూ చెప్పాడు. "నాలుగూ మూడూ ఏడు. ఏడూ రెండూ తొమ్మిది. ఒంట్లో దొరికింది తొమ్మిది. ఆమె చేతిమీదుగా వెళ్ళిందంతా ఆయన ఒంట్లో తేలింది. ఇంక వేరే వాళ్ళ చెయ్యి పట్టేందుకు జాగా ఏదండీ?"

"మరి ఈ పక్కనున్న ఎక్స్, పది, గీత, ఇవేంటి?"

"అవి మా ఆఫీసు గుర్తులు. మీకెందుకులెండి."

"చెప్పండి. తెలుసుకుంటాను."

ఇన్‌స్పెక్టరు ఓపిగ్గా నవ్వాడు. "ఎక్స్ అంటే ఎగ్జిబిట్. పది అంటే మా క్రైం నంబరు. ఈ ఏడు ఇది పదో కేసు. గీత పక్కది పార్సెల్ నంబరు. మృతుడి అవయవాలు పెట్టిన జాడీ రెండో పార్సెలు, సీసా మాత్రలూ ఒకే పెట్టెలో పెట్టి మూడో పార్సెలుగా పంపాను, గ్లాసు నాలుగోది. ఆ పార్సెళ్ళు నా చేత్తో నేను కట్టి లక్క వేసినవి."

వామనమూర్తి ఆ కాగితాన్ని రెండోసారి చూశాడు. నవ్వు రాలేదు. ఇరవయ్యేళ్ళుగా నంబర్లూ గీతలూ చూస్తున్న పోలీసు కళ్ళకి అవి పార్సెల్ నంబర్లు కాక మరేం కనిపిస్తాయి? అన్నీ సరిగ్గా అతికినట్టు కుదిరాయి. కేసు పదోది కాకుండా పదకొండోది అయివుంటే ఆయనకే అనుమానం వచ్చేది. అంత చిన్న కాకతాళీయం మీద ఒక మనిషి మెడ వేలాడుతోంది.

"తొమ్మిది గ్రాములంటే తులాల్లో ఎంతండీ?" అనడిగాడు.

"నాకేం తెలుసు. ఈ గ్రాములు నిన్నగాక మొన్న వచ్చాయి."

"ముప్పాతిక తులం. ముప్పాతిక తులం స్ట్రిక్నిన్ ఎంతమందిని చంపుతుందో చెప్పనా? ఒక్క బ్రహ్మయ్యగారినే కాదు, ఈ బజారు మొత్తాన్ని. పైగా చేదు. టానిక్కు చేదని మొహం పెట్టే మనిషి అంత విషాన్ని నోరెత్తకుండా మింగాడంటారా?"

ఇన్‌స్పెక్టరు పెన్సిలు కింద పెట్టాడు.

"ఆ గీత పక్కన అంకె పైకెక్కి, చిన్నగా కూర్చోవాలి," అన్నాడు వామనమూర్తి. "టైపు మిషను మీద పైకెక్కించడం కుదరక పక్కనే కొట్టారు. ఎక్స్ కాదది, ఇంటూ గుర్తు. పది మీద మైనస్ మూడు అంటే గ్రాముని వెయ్యి పాళ్ళు చెయ్యమని. మైనస్ నాలుగంటే పదివేల పాళ్ళు. మైనస్ రెండంటే వంద పాళ్ళు. మధుసూదనరావుగారూ, మీది మిల్లు కదా. మూడు బస్తాలు, నాలుగు వీశెలు, రెండు తులాలు, మూడూ కలిపి తొమ్మిది అని మీ గుమస్తా రాస్తే ఏం చేస్తారు?"

మధుసూదనరావు కొంచెం ఆలస్యంగా పలికాడు. "తొమ్మిది ఏంటని అడుగుతానండి."

"అదే నేనూ అడుగుతున్నా." వామనమూర్తి పెన్సిలందుకుని రిపోర్టు అంచున రాశాడు. "ముందు అన్నిటినీ ఒకే పాళ్ళలోకి తెద్దాం. వెయ్యో పాళ్ళు అనుకోండి. టానిక్కు నాలుగు. మాత్రలు మూడు. గ్లాసులో మిగిలింది ఆయన తాగకపోయినా కలుపుదాం, పదివేలో పాళ్ళు రెండు, అంటే వెయ్యో పాళ్ళలో సున్నా పాయింటు రెండు. మొత్తం ఏడు పాయింటు రెండు. ఇప్పుడు ఒంట్లోది. వందో పాళ్ళు తొమ్మిది. వెయ్యో పాళ్ళలోకి తెస్తే తొంభై. ఏడుకీ తొంభైకీ ఎక్కడన్నా పొంతనుందా?"

కొట్లోంచి రిబ్కా లేచి నిలబడి కటకటాలు పట్టుకుంది. పీర్‌సాహెబ్ ఒక అడుగు లోపలికి వేశాడు.

"మందుల్లోంచి వచ్చింది ఏడు," అన్నాడు వామనమూర్తి. "ఇంకో ఎనభై పైచిలుకు పాళ్ళు ఎక్కణ్ణుంచో వచ్చాయి. ఆయన్ని చంపింది అవి. ఆ ఎక్కణ్ణుంచో అన్నది మీ పార్సెళ్ళలో లేదు."

ఇన్‌స్పెక్టరు మొహం ఎర్రబడింది. ఆయన తెలివితక్కువ వాడు కాదు. దెబ్బ తగిలిందని తెలిసింది. తెలిసిన దాన్ని నలుగురి ముందూ ఒప్పుకోవడమే కష్టం.

"మాకు ట్రెయినింగులో ఈ లెక్కలు చెప్పలేదు," అన్నాడు. "పోనీ మీరన్నదే నిజమనుకుందాం. ఆ ఎనభై కూడా ఈమే పోసిందంటాను. ఇంకో పొట్లం దాచుకొచ్చింది. కాదని రుజువు చెయ్యండి."

"ఆ పొట్లం దొరికిందా?"

"ఇల్లంతా వెతికించాను. ఆయన వేసుకునే మందు ప్రతిదీ తీసుకొచ్చాను. ఒక్క చుక్క వదల్లేదు."

"అయితే మళ్ళీ మొదటికొచ్చినట్టేనా?" అన్నాడు మధుసూదనరావు. ఆ ప్రశ్న ఎవరిని ఉద్దేశించి అన్నాడో తెలియలేదు.

"ఏం రాలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మూర్తిగారూ, మీకు పొద్దుగూకే దాకా టైమిస్తున్నాను. ఆ ఎనభై పాళ్ళు నా బల్లమీద పెట్టండి. పెట్టలేకపోతే రేపు పొద్దున బస్సు బస్సే."

వామనమూర్తి బయటికి నడిచాడు. వెనకే వచ్చిన పీర్‌సాహెబ్ మెట్టు దిగాక గొంతు తగ్గించి, "బాబూ, నా సైకిలు తీసుకెళ్ళండి," అన్నాడు.

* * *

బ్రహ్మయ్య ఇల్లు మిల్లుని ఆనుకునే ఉంది. గోడ అవతల మిషను ఆడుతున్నంత సేపూ గిన్నెలు కూడా సన్నగా అదురుతుంటాయి. పరమేశ్వరి నడిమింట్లో కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం వాచినా మాట మాత్రం తేటగా ఉంది.

"ఆ పిల్ల చెయ్యలేదు బాబూ. ఆయనకి కాళ్ళు పట్టేసినప్పుడు రాత్రంతా కూర్చుని కాపడం పెట్టింది. అలాంటి మనిషి చంపుతుందా?"

"అమ్మా, పోలీసులు వచ్చి మిమ్మల్ని ఏమడిగారు?"

"ఆయన ఏమేం మందులు వేసుకుంటారని అడిగారు. అన్నీ తీసిచ్చాను."

"అంతేనా? ఏం తిన్నారని అడగలేదా?"

"అడిగారు. అన్నం, పప్పు, మజ్జిగ అన్నాను. అవి మేమూ తిన్నాంగా. మాకేం కాలేదు. రాసుకోకుండా వదిలేశారు."

"ఆయన కూర్చునే చోటు చూపిస్తారా?"

వంటింటి గోడవారన ఒక పీట. వామనమూర్తి దాని మీద సరిగ్గా బ్రహ్మయ్య కూర్చునే తీరున మఠం వేసుక్కూర్చున్నాడు. పరమేశ్వరి అభ్యంతరం చెప్పబోయి ఊరుకుంది. ఎడమ చేతికి కిటికీ గూడు. మందుసీసాల అడుగుల జిడ్డు మరకలు ఇంకా ఉన్నాయి. అవి పోలీసులు పట్టుకుపోయినవి. కుడిచేతికి, లేవక్కర్లేకుండా అందేంత ఎత్తున, చిన్న చెక్కబల్ల. దాని మీద మిల్లు తవుడు దుమ్ము పొరగా పేరుకుంది. ఆ దుమ్ములో అరచెయ్యంత గుండ్రటి జాగా ఒకటి శుభ్రంగా ఉంది.

ఆయన దాని మీద వేలు పెట్టి చూశాడు. వేలికి దుమ్ము అంటలేదు.

"ఇక్కడేముండేదమ్మా?"

"జాడీ," అంది పరమేశ్వరి. "కాకరకాయ పొడి. ఆయనకి మొదటి ముద్ద దాంతోనే దిగేది. ఎవరో చెప్పారట ఒంటికి మంచిదని. ఈ ఇంట్లో ఇంకెవరం దాన్ని ముట్టుకోం, అంత చేదు."

వామనమూర్తి పీట మీంచి లేవలేదు.

"టానిక్కు చేదంటే తిట్టే మనిషి కాకరకాయ పొడి తినేవాడా?"

"మందంటే చేదు. తిండంటే రుచి. ఆయన తీరే అంత."

మందు. ఇన్‌స్పెక్టరు మందులన్నీ ఇమ్మన్నాడు, ఈవిడ మందులన్నీ ఇచ్చింది. కాకరకాయ పొడి మందు కాదు, అన్నంలో కలుపుకునేది. చేదు మీద ఇంకాస్త చేదు పడితే నాలిక్కి తెలియదు. ఆ జాడీ మూడు వారాలూ ఇక్కడే, అందరి కళ్ళముందే కూర్చునుంది.

"ఆ రాత్రి ఆయన తిన్న విస్తరి ఏం చేశారు?"

పెరటి గుమ్మం దగ్గర గిన్నెలు తోముతున్న అక్కమ్మ తలెత్తింది. ఆ ఇంట్లో చాలాకాలంగా పనిచేస్తున్న మనిషి. "నేనే దొడ్డి గోడ అవతల పారేశానండి. మర్నాడు పొద్దున అక్కడ ఎర్రకుక్క కొయ్యలా బిగుసుకుని పడుంది. పంచాయతీ వాళ్ళు కుక్కలకి మందు పెట్టారేమో అనుకున్నాను. చావింట్లో కుక్క ఊసెవరు వింటారని చెప్పలేదు."

"మందుసీసా కుక్క నాకదు. విస్తరి నాకుతుంది," అన్నాడు వామనమూర్తి, తనలో తను చెప్పుకుంటున్నట్టు. తర్వాత పరమేశ్వరి వైపు తిరిగాడు. "జాడీ ఇప్పుడెక్కడుందమ్మా?"

"ఆయన పోయాక దాన్ని కదపడానికి నాకు చేతులాడలేదు. ఇవాళ మధ్యాహ్నం మా మరిదే తీశాడు."

"ఎందుకు?"

"రిబ్కాకి క్యారియర్ సర్దమన్నాడు. నేను అన్నం, పులుసు, పెరుగు సర్దాను. పై గిన్నె ఖాళీగా ఉంది, పొడి ఎందుకు పాడవ్వాలి వదినా అని తనే వంపాడు. జాడీ కడిగి బోర్లించమని అక్కమ్మకిచ్చాడు."

తోమిన గిన్నెల పక్కన పింగాణీ జాడీ బోర్లించి ఉంది. తళతళలాడుతోంది. అందులో ఇంక ఏ లేబొరేటరీకీ ఏమీ దొరకదు. మిగిలిన విషమంతా పోలీసు ఔట్‌పోస్టులో, రిబ్కాకి చేతికందే దూరంలో ఉంది. ఆమె దాన్ని తిని చనిపోతే తప్పు ఒప్పుకుని తనే మింగిందంటారు. చచ్చిన ముద్దాయి మీద కేసు నడవదు. ఎవరూ ఇంక ఏ లెక్కా కలపరు.

"అమ్మా, మీకు పిల్లల్లేరు కదా. దత్తత మాటేమన్నా అనుకున్నారా?"

పరమేశ్వరి కళ్ళు పెద్దవయ్యాయి. "మా చెల్లెలి కొడుకుని. వైశాఖంలో ముహూర్తం పెట్టుకున్నాం, మిల్లు వాడి పేర రాద్దామనుకున్నాం. మా మరిదికీ తెలుసు. సంతోషమే అన్నాడు." ఆవిడ ఆగింది. చెప్పిన మాట ఆవిడకే అప్పుడు వినపడింది. గోడ పట్టుకుని కింద కూలబడింది.

ఓదార్చే వ్యవధి లేదు. కిటికీలో ఎండ పైకప్పు దాకా ఎక్కిపోయింది. వామనమూర్తి సైకిలు తీశాడు.

* * *

ఆయనకి వయసు యాభై దాటింది. సైకిలు ఎక్కి చాలాకాలమైంది. మిల్లు బజారు ఎగుడుదిగుళ్ళలో గుండె గొంతులోకి వచ్చేసింది. దారిలో ఒక్కటే ఆలోచన. పొద్దుగూకాక రిబ్కా ఉపవాసం విడుస్తుంది. తను ఎదురుగా కూర్చుని ఏడుకీ తొంభైకీ తేడా చెప్పాడు, బల్ల పక్కనే ఉన్న క్యారియర్ని మాత్రం చూడలేదు. తన లెక్క తప్పలేదు కానీ తన కళ్ళు తప్పాయి. ఆ తప్పుకి ఆమె పోతే ఇంక ఈ వృత్తిలో మొహమెత్తలేనని అనుకున్నాడు.

మసీదులోంచి బాంగు వినిపించింది.

సైకిలు మెట్ల మీద పారేసి లోపలికి పరుగెత్తాడు. కొట్టు చీకటిగా ఉంది. రిబ్కా మోకాళ్ళ మీద ఉంది, చేతులు జోడించి. ఆమె ముందు, కటకటాల సందులోంచి ఒక్కొక్కటిగా అందించిన గిన్నెలు.

"రిబ్కా, తిన్నావా?"

ఆమె కళ్ళు తెరిచింది. "లేదండి. ఇంకా ప్రార్థన కాలేదు."

"పక్కకి జరుగు. ముట్టుకోకు. దేన్నీ ముట్టుకోకు." ఆయన కటకటాల్లోంచి చెయ్యి దూర్చి గిన్నెల్ని తన వైపు లాక్కున్నాడు. అన్నం. పులుసు. పెరుగు. అమ్మయ్య అనుకున్నాడు. ఆ మాట పూర్తిగా అనుకోక ముందే ఆగాడు. గిన్నెలు మూడే ఉన్నాయి.

"పీర్‌సాహెబ్, నాలుగోదేదీ?"

పీర్‌సాహెబ్ ఖర్జూరం నోట్లో పెట్టుకోబోతూ నిలబడిపోయాడు. "పై గిన్నా బాబూ? అది అయ్యగారు తీసుకెళ్ళారు. మధుసూదనరావుగారు వెళ్ళాక గిన్నెలు లోపలికి అందిస్తుంటే మూత ఊడింది. కాకరకాయ పొడి చూసి, చక్కెర జబ్బువాడికి ఇంతకంటే మందేముంది అని వెనక గదిలోకి పట్టుకెళ్ళారు. ఆయన భోజనం క్యారియర్ వచ్చింది లెండి."

వెనక గది తలుపు తెరుచుకుంది. ఇన్‌స్పెక్టర్ శేషగిరిరావు తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు. మొహంలో కోపం లేదు. కడుపునిండా తిన్న మనిషి మంచితనం కనిపిస్తోంది.

"రండి మూర్తిగారూ. కూర్చుని మీ వెయ్యో పాళ్ళ లెక్క ఇంకోసారి చూశాను. మీరన్నది నిజమేననిపిస్తోంది. పొద్దున లేబొరేటరీకి తంతి కొడతాను." ఆయన మెడని ఒక పక్కకి వంచి రుద్దుకున్నాడు. "ఏంటో, మెడ పట్టేసినట్టుంది. ఎక్కడ వాల్చానో."

వామనమూర్తి ఒక అడుగు ముందుకి వేశాడు. "ఆ పొడి ఎంత తిన్నారు?"

"ఏ పొడి? ఓ, అదా. మూడు ముద్దల్లోకి." ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "ఎంతండీ, చిన్న ముద్దలే."

ఆ నవ్వు పెదాల మీంచి పోలేదు. పోనివ్వడానికి దవడ కదల్లేదు. ఆయన కళ్ళలో మొదట ఆశ్చర్యం, తర్వాత భయం కనిపించాయి. చెయ్యి చాచి బల్ల అంచు పట్టుకున్నాడు.

"డాక్టరు," అన్నాడు పీర్‌సాహెబ్.

"డాక్టరుగారు గంపలగూడెం కాన్పుకి వెళ్ళారండి, రాత్రికి గాని రారు. నిన్న డిస్పెన్సరీలోనే అనుకున్నారు," అంది రిబ్కా కటకటాల వెనక నుంచి. ఆమె గొంతు ఒక్కసారిగా మారిపోయింది. ముద్దాయి గొంతు కాదది. "బొగ్గు నూరి నీళ్ళలో కలిపి తెండి, విషాన్ని పీలుస్తుంది. దీపం తగ్గించండి. చప్పుడు చెయ్యకండి, గట్టిగా అడుగు కూడా వెయ్యకండి. నన్ను బయటికి రానివ్వండి, చూసుకుంటాను."

పీర్‌సాహెబ్ బొగ్గుల కోసం పరుగెత్తబోయి, గుర్తొచ్చి, మునివేళ్ళ మీద నడిచాడు. వామనమూర్తి ఇన్‌స్పెక్టరు నడుము వంక చూశాడు. తాళంచెవి బెల్టుకి ముడేసిన తాడుకి వేలాడుతోంది. బల్ల పట్టుకుని నిలబడ్డ మనిషి ఒళ్ళంతా తీగలా బిగుసుకుంటోంది. వామనమూర్తి ముందుకి వంగి చెయ్యి చాచాడు.

"ఆగండి," అంది రిబ్కా గుసగుసగా. "ఇప్పుడు ఆయన్ని ముట్టుకుంటే ఒళ్ళు విరుచుకుపోతుందండి. బ్రహ్మయ్యగారికీ అంతేనట. అమ్మగారు పట్టుకోగానే మొదలైందట."

తాళంచెవికీ వేళ్ళకీ మధ్య జానెడు దూరంలో వామనమూర్తి చెయ్యి ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు తల కదపలేదు. కళ్ళు మాత్రం మెల్లగా తిప్పి కటకటాల వైపు, అక్కడ తను తాళం వేసిన మనిషి వైపు చూశాడు.